గోన గన్నారెడ్డి మావోడే... మరి ఆ బండి తోలినోళ్ళు?

పోస్టు కొంచెం పొడుగే ఉంటది. డ్యూటీల ఉన్నోళ్ళు సేవ్ చేసుకొని ఆదివారం తీరుబడిగ చదువుకోండి.

సంగతి ఏందంటే, మా రూముల లొల్లి అయింది. అట్లాంటాకు ఉత్తరం దిక్కు ఒక అపార్ట్‌మెంట్ల నలుగురం ఉంటం. అందరం కట్టుబడి పనోళ్ళమే. ఒక శనివారం రాత్రి వంట చేసుకుంట "రుద్రమదేవి" సినిమా పెట్టినం. 2015ల వచ్చింది చూడండి, అనుష్క రుద్రమ, అల్లు అర్జున్ గోన గన్నారెడ్డి. మన తెలంగాణ మాటల ఆయన డైలాగు కొడుతుంటే రూమంతా ఈలలే. సినిమా అయిపోయినంక మొదలైంది. ఒకడు "గన్నారెడ్డి మావోడు" అన్నడు, కులం లెక్కన. ఇంకొకడు "మీవోడు ఎట్లయితడు, మా జిల్లావోడు" అన్నడు. మాట మీద మాట పెరిగి తాతల దాకా పోయింది.

పొద్దున లేస్తే ఇద్దరూ ఒకే ట్రక్కుల పనికి పోవాలె, ఒకే పరంజి మీద నిలబడాలె. వారం దినాలు మాట్లాడుకోలేదు. పరంజి మీద ఇద్దరు మాట్లాడుకోకుంటే ఏమైతదో మన పనిల ఉన్నోళ్ళకు వేరే చెప్పాల్సిన పని లేదు. "పట్టుకున్నవా?" అని అడగలేదు ఒకడు, "వదిలేస్తున్న" అని చెప్పలేదు ఇంకొకడు. పలక కిందపడ్డది. కింద మనిషి లేడు కాబట్టి బతికిపోయినం.

సూపర్‌వైజర్లం కాబట్టి పంచాయితీ మా మీద పడ్డది. మాది పదో తరగతి చదువు. తీర్పు చెప్పేటంత తెలివి లేదు. అందుకని పుస్తకం తీసినం. ఒకప్పుడు హైదరాబాదుల ఆబిడ్స్ రోడ్డు మీద ఆదివారం పూట కొన్న పాత పుస్తకం, అడివి బాపిరాజు గారి "గోన గన్నారెడ్డి". అట్ట ఊడిపోతే సైట్ల వాడే టేపు అంటించి, బట్టల మధ్యల పెట్టి ఇక్కడిదాక మోసుకొచ్చినం. "కొట్లాడేది సినిమా మీద కాదు, ముందు ఇది వినండి" అన్నం. రోజూ రాత్రి ఒకరు చదవాలె, మిగిలినోళ్ళు ఉల్లిగడ్డలు కోయాలె, గిన్నెలు తోమాలె. అట్ల రెండు నెలలు నడిచింది.

చదవనోళ్ళ కోసం కథ రెండు ముక్కల్ల చెప్తం. గన్నారెడ్డి గజదొంగ అని పేరు మోసినోడు. అన్నాంబిక అనే పిల్లకు ఇష్టం లేని పెళ్ళి చేస్తుంటే, ఆ పెళ్ళికొడుకునే ఎత్తుకపోతడు. ఆ పిల్ల తప్పించుకొని ఓరుగల్లు చేరి రుద్రమదేవి అండల ఉంటది. గన్నారెడ్డి దొంగ కాదు, లోపలలోపల రాణి కోసమే పనిచేస్తున్నడని మెల్లగ తెలుస్తది. చివరికి ఆ ఇద్దరు ఒక్కటైతరు. మధ్యల గుర్రాలు, అడవులు, కోటలు, కుట్రలు. పొద్దంతా కాంక్రీటు దుమ్ము మింగొచ్చిన మనిషికి అది చల్లటి మజ్జిగ తాగినట్టు ఉంటది. ఇంటి మనిషిని చూసి మూడేండ్లు దాటినోడు మా రూముల ఉన్నడు. అన్నాంబిక ఎదురుచూసే ఘట్టం వచ్చినప్పుడు వాడు చెత్త పడేసొస్తనని బయటికి పోయిండు. చెత్త సంచి ఇంట్లనే ఉంది.

ఇసొంటి నవలలను పెద్ద చదువులోళ్ళు కొందరు తేలికగ చూస్తరు. మేము అట్ల చూడం. ఒక కాలం ఉండేదని, అక్కడ మనసోంటి మనుషులే ఎండకు చెమటోడ్చి, వానకు తడిసి, ఇష్టపడి, ఏడ్చినరని మాకు బళ్ళె పాఠం చెప్పలేదు, నవల చెప్పింది. చరిత్ర పరీక్షల ముప్పై ఐదు మార్కులతో బయటపడ్డోళ్ళం, బాపిరాజు గారి పుణ్యాన శాసనాల దాకా పోయినం.

అయితే ఇండ్ల నిజమెంత, కల్పన ఎంత? పుస్తకం అయిపోయినంక అది ఎతుకుడు మొదలుపెట్టినం.

రుద్రమదేవి నిజం. 1262 ప్రాంతం నుంచి 1289 దాకా కాకతీయ రాజ్యాన్ని ఏలింది. శాసనాలల్ల ఆమెను రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో కూడ రాసినరు. ఆమె పెనిమిటి నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. ఆమె తర్వాత రాజ్యం బిడ్డ కొడుకు ప్రతాపరుద్రునికి వచ్చింది. ఆమె ఎప్పుడు పోయిందో తెలిపింది నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల ఊర్ల ఉన్న ఒక శాసనం. రుద్రమకు, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు 1289 నవంబరుల భూమి దానం చేసి ఆ రాయి వేయించిండు. కాయస్థ అంబదేవుని మీద యుద్ధంల ఇద్దరూ చనిపోయి ఉంటరని చరిత్రకారులు చెప్తరు. బాపిరాజు గారు 1952ల కాలం చేసినరు. ఆ రాయి సంగతి లోకానికి తెలిసింది ఆ తర్వాతనే. అంటే ఆయన రాసేటప్పుడు రుద్రమ ఎట్ల పోయిందో ఎవ్వరికీ తెల్వదు. తెలిసినోళ్ళ కంటే పెద్ద, ముసలి రాణి పోయిందన్న మాట, ఒక బంటు వేయించిన రాతి మీద దొరికింది.

గన్నారెడ్డి కూడ నిజం. "రంగనాథ రామాయణం" రాసిన గోన బుద్ధారెడ్డి కొడుకు. ఏలిన చోటు వర్ధమానపురం. ఇప్పుడు దాన్ని నంది వడ్డెమాన్ అంటరు, నాగర్‌కర్నూల్ జిల్లాల బిజినేపల్లి దగ్గర. పాలమూరోళ్ళకు ఎరుకే, శనేశ్వరుని గుడికి పోతరు కదా, ఆ ఊరే. "మా జిల్లావోడు" అన్న తమ్ముని మాట అట్ల నిజమైంది. కానీ ఆయన కథను మనకు ఇచ్చినోడు ఎవరు? బాపిరాజు గారిది భీమవరం దగ్గరి సరిపల్లె. బొమ్మలు వేసేటోరు, సినిమాలకు కళా దర్శకత్వం చేసినరు, హైదరాబాదుకు వచ్చి "మీజాన్" పత్రికకు సంపాదకులుగ ఉన్నరు. గోదావరి దిక్కు మనిషి పాలమూరు వీరుని కోసం పుస్తకం రాస్తే, అది చదివి మనం జిల్లాల పేరు మీద కొట్లాడుకుంటున్నం.

అన్నాంబిక ప్రేమ, గజదొంగ వేషం, ఇవన్నీ నవలాకారుని కల్పన. అండ్ల తప్పేం లేదు. ఇల్లు కట్టేటోడు రాళ్ళ మధ్యల సున్నం పెట్టినట్టు, ఆయన శాసనాల మధ్యల ప్రేమ పెట్టిండు. ఏది రాయి, ఏది సున్నం అని తెలిస్తే సాలు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తం. మన పని సంగతి.

పాలమూరు నుంచి కృష్ణ దాటితే రాయచూరు. అక్కడి కోట గోడల ఒక రాయి ఉంది. పొడుగు 41 అడుగుల 8 అంగుళాలు. ఒకటే రాయి, అతుకు లేదు. దాని మీద తెలుగుల శాసనం, 1294వ సంవత్సరానిది. గోన గన్నారెడ్డి సేనాని విఠలనాథుడు ఆదవాని, తుంబళ లాంటి కోటలు గెలిచి, రాయచూరు వచ్చి, జనాన్ని కాపాడటానికి ఈ కోట కట్టించిండని దాని సారాంశం. అప్పటికి రుద్రమ లేదు, ప్రతాపరుద్రుని కాలం. గన్నారెడ్డి ఉన్నడనడానికి ఇంతకంటె పెద్ద సాక్ష్యం ఏం కావాలె? 41 అడుగుల సాక్ష్యం!

ఇక్కడ సూపర్‌వైజర్ బుర్ర ఊకోదు కదా. లెక్క కట్టినం. వెడల్పు, మందం మూడేసి అడుగులు అనుకుందాం. ఘనపుటడుగు నల్లరాయి 75 కిలోలు వేసుకున్నా మొత్తం 28 టన్నులు. ఈ దేశంల అంత బరువు ఎత్తాలంటే క్రేన్ లోడు చార్టు చూడాలె, నేల గట్టిదనం చూడాలె, రిగ్గింగు ప్లానుకు సంతకం కావాలె, సిగ్నల్ మనిషి వేరేగ ఉండాలె. మరి ఏడు వందల ఏండ్ల కింద క్రేను లేదు, డీజిలు లేదు. గని నుంచి కోట గోడ దాక దాన్ని ఎట్ల తెచ్చినరు?

దానికి జవాబు గోడ మీదనే ఉంది. శాసనం దగ్గరనే ఎవరో ఒక బొమ్మ చెక్కిపెట్టినరు. గట్టి చక్రాల పొడుగాటి బండి. బండి మీద రాయి. ముందర వరుసకు వరుస దున్నపోతులు. వాటిని అదిలించేటోళ్ళు. చక్రాల దగ్గర దుంగలు పెట్టి తోసేటోళ్ళు. రాజు బొమ్మ కాదు, రాణి బొమ్మ కాదు. పని బొమ్మ.

ఆ ఫొటో ఫోన్ల చూపించినప్పుడు మా రూముల నాలుగోవాడు, లొల్లి అయినన్ని రోజులు నోరు మెదపనోడు, ఫోను గుంజుకున్నడు. వాని తాతలు రాళ్ళు కొట్టేటోళ్ళు, ఒడ్డెరోళ్ళు. "ఇది మా ఒడ్డెబండి లెక్కనే ఉందే" అన్నడు. బొమ్మను రెండేళ్ళతో పెద్దగ చేసి, "వీడు చూడు, చక్రం కింద దుంగ పెట్టిండు, ఎనకకు జారకుండ. వీడు తోలేటోడు కాదు, వీడు పాట పాడేటోడు. పాట లేకుంటే అందరూ ఒక్కసారి నెట్టలేరు" అన్నడు. ఏ పుస్తకంల లేని మాట అది. వాళ్ళ తాత దగ్గర నేర్చుకున్నదే.

అప్పుడు ఆ కొట్లాడుకున్న ఇద్దరిని అడిగినం. "గన్నారెడ్డి ఎవరోడు అని వారం దినాలు మాట్లాడుకోలేదు కదా. ఈ బండి తోలినోడు ఎవరోడు? వీడు మావోడు అని ఎవరన్న కొట్లాడుతరా?" ఇద్దరూ చప్పుడు చేయలేదు. కొంచెం సేపటికి ఒకడు నవ్విండు. "అన్నా, ఆడు మనోడే" అన్నడు.

ఇసొంటి నవలలు అసలు ఎక్కడినుంచి వచ్చినయో కూడ చెప్తం, ఎందుకంటే ఆ దారి తిరిగి తిరిగి మనం పనిచేసే ఈ అమెరికా ఊర్లకే వస్తది.

స్కాట్లాండుల వాల్టర్ స్కాట్ అని ఒకాయన 1814ల "వేవర్లీ", 1819ల "ఐవన్‌హో" రాసిండు. పాత కాలం, గుర్రపు వీరులు, ప్రేమ, మానం మర్యాద, ఇవన్నీ కలిపి చెప్పే పద్ధతి లోకమంతా పాకింది ఆయనతోనే. మన తెలుగుల మొదటి చారిత్రక నవల అని పేరున్నది చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి "హేమలత", 1896ది. అది ఉత్తరాది కథ. తర్వాత 1906ల హైదరాబాదుల కొమర్రాజు లక్ష్మణరావు గారు, రావిచెట్టు రంగారావు గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినరు. చరిత్ర పుస్తకాలు అచ్చేసినరు, నవలలకు పోటీలు పెట్టినరు. తెల్లదొర ఒకదిక్కు ఏలుతుంటే, నిజాము ఒకదిక్కు ఏలుతుంటే, "మనకూ ఒక చరిత్ర ఉంది" అని చెప్పాల్సిన అవసరం అప్పుడు ఉండె. విశ్వనాథ, నోరి, బాపిరాజు, అందరూ ఆ తొవ్వల నడిచినోళ్ళే.

అదే స్కాట్ అమెరికాకూ వచ్చిండు. మనం ఇప్పుడున్న ఈ దక్షిణాది రాష్ట్రాలల్ల పత్తి తోటల దొరలు ఆయన పుస్తకాలు ఎగబడి చదివినరు. తాము కూడ ఆ నవలల్ల వీరులమే అనుకున్నరు. తోటల బానిసలను కొట్టించుకుంట, ఇంట్లకొచ్చి మానం మర్యాదల కథలు చదివేటోళ్ళు. 1861ల అంతర్యుద్ధం మొదలై నాలుగేండ్లు నడిచింది. మార్క్ ట్వెయిన్ 1883ల రాసిన మిసిసిపీ నది పుస్తకంల, ఆ యుద్ధానికి చాలామటుకు స్కాటే బాధ్యుడు అన్నంత మాట అన్నడు. ఆయన వెటకారం మనిషి, మాట కొంచెం పెంచి చెప్పిండు. కానీ మా రూముల పడ్డ పలకను చూసినంక ఆ మాట మరీ వెటకారమని అనిపించలేదు.

ఇంకో సంగతి వినండి. మేరీలాండ్‌ల ఫ్రెడరిక్ బెయిలీ అని ఒక బానిస. ఓడ పలకల సందులల్ల నార కుక్కి నీళ్ళు రాకుండ మూసే పని నేర్చినోడు. 1838ల తప్పించుకొని న్యూ బెడ్‌ఫర్డ్ అనే రేవు ఊరికి చేరిండు. దొరకకుండ ఉండాలంటే పేరు మార్చాలె. ఆశ్రయం ఇచ్చిన నల్లజాతి పెద్దమనిషి నాథన్ జాన్సన్ అప్పుడే స్కాట్ రాసిన ఒక ప్రేమ కావ్యం చదువుతున్నడు. అండ్ల వీరుని పేరు డగ్లస్. "ఆ పేరు పెట్టుకో" అన్నడు. అట్ల ఫ్రెడరిక్ డగ్లస్ అయిండు, బానిసత్వం మీద కొట్లాడిన ఆ పెద్ద మనిషి. పని వచ్చినా అక్కడి తెల్ల పనోళ్ళు పక్కన నిలబడి పనిచేయమన్నరు. ఆయన కట్టెలు కొట్టి, బొగ్గు మోసి బతికిండు. కొత్త ఊర్ల చేతిల పని ఉండి కూడ కూలికి పోవుడు ఎట్ల ఉంటదో మనకు ఎరుకే కదా.

దొర ఆ కథ చదివి కొరడా పట్టిండు. పారిపోయొచ్చినోడు అదే కవి దగ్గర ఒక పేరు తీసుకొని తలెత్తుకున్నడు. పుస్తకం ఒక్కతీరుదే, చదివిన మనిషి వేరు.

ఇగ మా అట్లాంటా. చారిత్రక ప్రేమ నవల అంటే ఈ ఊరు పేరే చెప్తరు. మార్గరెట్ మిచెల్ ఇక్కడనే పుట్టి, ఇక్కడనే "గాన్ విత్ ద విండ్" రాసింది. 1936ల వచ్చింది, మరుసటేడు పులిట్జర్ బహుమతి. 1939 డిసెంబరుల దాని సినిమా మొదటి ఆట ఈ ఊర్లనే వేసినరు. పెద్ద పండుగ చేసినరు. కానీ అండ్ల ఇంటి దాసిగ చేసిన హాటీ మెక్‌డానియల్ ఆ పండుగకు రాలేదు. అప్పటి జార్జియా చట్టం నల్లోళ్ళను తెల్లోళ్ళ పక్కన కూసోనియ్యదు. తర్వాత 1940ల ఆమెకు ఆస్కారు వచ్చింది, నల్లజాతి వాళ్ళల్ల మొదటిది. ఆ నవల ప్రేమ కథగ గట్టిదే. కానీ అండ్ల బానిసలు దొరల ఇంట్ల సంతోషంగ ఉన్నట్టు కనబడ్తరు. పత్తి ఏరిన చేతులు కథల లెక్కలకు రావు.

ఈ దేశంల దానికి మందు కూడ నవలతోనే వేసినరు. డెట్రాయిట్‌ల పుట్టిన బెవర్లీ జెన్కిన్స్ అనే నల్లజాతి రచయిత్రి లైబ్రరీల పనిచేసుకుంట రాసిన "నైట్ సాంగ్" 1994ల అచ్చయింది. బానిసత్వం పోయినంక దక్షిణాది నుంచి కాన్సస్‌కు వలసపోయిన నల్లోళ్ళ కథ. ఆమె నాయిక రాణి కాదు, బళ్ళె పంతులమ్మ. నాయకుడు గుర్రపు దళం సిపాయి. ఆమె పుస్తకాల చివర ఏ చరిత్ర పుస్తకాలు చూసి రాసిందో కూడ చెప్తది. ఏది రాయి, ఏది సున్నం అని తనే చూపించినట్టు. వలసపోయినోళ్ళకు కూడ ప్రేమ ఉంటది, అది చరిత్రే అని చెప్పిన రచయిత్రి ఆమె.

పంచాయితీ తీరినంక ఒక ఆదివారం నలుగురం స్టోన్ మౌంటెన్‌కు పోయినం. అట్లాంటా తెలుగోళ్ళు అందరూ పులిహోర డబ్బాలతోని పోయే చోటే. కొండ మీద గుర్రాల మీద కూసున్న ముగ్గురు దక్షిణాది నాయకుల బొమ్మ చెక్కి ఉంటది. అందరూ దానికి ఫొటోలు తీస్తరు. మేము కింద చెరువు దిక్కు నడిచినం. అక్కడ కప్పున్న చెక్క వంతెన ఒకటి ఉంది. 1890లల్ల ఏథెన్స్ ఊరి కోసం కట్టింది, తర్వాత విప్పి ఇక్కడికి తెచ్చినరు. కట్టింది వాషింగ్టన్ కింగ్. ఆయన నాయిన హొరేస్ కింగ్, బానిసగ పుట్టినోడు. బానిసగ ఉండంగనే 1830లల్ల కొలంబస్ దగ్గర చట్టహూచీ నది మీద వంతెన పని నడిపించిండు. 1846ల విడుదలైండు. ఇక్కడి మాటల చెప్పాలంటే ఆయన కూడ సూపర్‌వైజరే.

మేము ఆ వంతెన కిందికి ఒంగి దూలాల కూర్పు చూసినం. అడ్డంగ, ఏటవాలుగ పలకలు అల్లి, కొయ్య మేకులు కొట్టి బిగించినరు. కొట్లాడుకున్న ఇద్దరిల ఒకడు కింద నిలబడ్డడు, ఒకడు పైన. "మంచిగ కూసుంది అన్నా జాయింటు" అని కిందోడు అరిసిండు. "నాకు కనబడ్తలేదు, ఫొటో తీసి పంపు" అన్నడు పైనోడు. మాకు అంతకంటె ఏం కావాలె?

చివరగ ఒక్క మాట. గన్నారెడ్డి చెల్లెలు కుప్పాంబిక. ఆమె పెనిమిటి మల్యాల గుండదండాధీశుడు పోయినంక, ఆయన పేరు మీద గుడి కట్టించి 1276ల బూదపూరుల శాసనం వేయించింది. బూదపూరు అంటే మన భూత్పూరే, పెద్ద రోడ్డు మీదిది. పనికి పట్నం పోయేటప్పుడు, బొంబాయి పోయేటప్పుడు బస్సుల కూసొని ఎన్నిసార్లు దాటినమో లెక్క లేదు. కల్పించిన అన్నాంబిక ప్రేమకు కండ్లు తుడుసుకున్నోళ్ళం, నిజంగ ఉన్న కుప్పాంబిక ప్రేమ పక్కనుంచి టికెట్టు పట్టుకొని పోయినం. నవల చదవకుంటే ఇది కూడ తెల్వకపోవు.

కాబట్టి అన్నలారా, చదవండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లలకు కథ చెప్పండి, గుర్రాలు, కోటలు అన్నీ చెప్పండి. కానీ నవలను పట్టా కాయితం లెక్క పట్టుకొని కొట్లాడొద్దు. కథ అయిపోయినంక, కోట కట్టినోళ్ళు ఎవరు అని పిల్లలను అడగండి.

మీ ఊర్ల పాత గుడి గోడ మీదనో, కోట రాయి మీదనో పనోళ్ళ బొమ్మ ఎక్కడన్న ఉంటే ఫొటో తీయించి కింద పెట్టండి. ఊరి పేరు రాయుడు మర్సిపోకండి. మా నాలుగోవాడు చూసి, దుంగ ఎక్కడ పెట్టినరో చెప్తనంటున్నడు.